'పోర్క్' అంటే ఫర్వాలేదు, 'పంది' అంటేనే తంటా

గత డిసెంబరులో డబ్లిన్‌లో మా వైపు ఉండే తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఒక హాలు అద్దెకు తీసుకున్నాం. క్రిస్మస్ సెలవులు, పిల్లలు ఖాళీ, బయట నాలుగింటికే చీకటి. ఎవరింటి నుంచి ఏ వంటకం వస్తుందో రాసుకోవడానికి వాట్సాప్ గ్రూపులో ఒక షీట్ తిరిగింది. పులిహోర, గుత్తివంకాయ, చికెన్ ఫ్రై ఇద్దరు, మటన్ బిర్యానీ, గులాబ్ జామూన్ ఏకంగా నలుగురు. నేను నా పేరు ఎదురుగా 'పుల్ల క్యాబేజీతో పంది కూర, పదిహేను మందికి' అని రాశాను. పావుగంటలో ఫోనొచ్చింది.

"అన్నా, మీరేం అనుకోకండి. నాకైతే ఏ ప్రాబ్లమూ లేదు. గ్రూపులో కొంతమంది ఇబ్బంది పడుతున్నారు. చికెన్ ఏదైనా పెట్టేయండి. పోనీ, కనీసం 'పోర్క్' అని మార్చండన్నా. తెలుగులో పంది అని చూస్తే ఏదోలా ఉంది."

నాకు ముందు నవ్వొచ్చింది. ఫోన్ చేసిన తమ్ముడు మంచివాడు. మా ఆఫీసులకి దగ్గర్లోనే పనిచేస్తాడు. పొద్దున్నే కెఫేలో రాషర్లు, సాసేజ్ పెట్టిన బ్రేక్‌ఫాస్ట్ రోల్ తింటూ నాకు చాలాసార్లు కనిపించాడు. మా కాలనీలో ఏ పిల్లాడి పుట్టినరోజుకి వెళ్లినా పెపరోని పిజ్జా ఉంటుంది. ఇక్కడ అమ్మే పెపరోనీలో ఎక్కువ భాగం పంది మాంసమే. రిటర్న్ గిఫ్టు కవర్లో వేసే జెల్లీ బిళ్లల్లో చాలావాటికి ఆ సాగే గుణం వచ్చేది పంది చర్మం నుంచి తీసిన జెలటిన్ వల్ల. ఇవన్నీ ఎవరికీ ఏదోలా ఉండవు. మన భాషలో దాని పేరు పలికితేనే ఇబ్బంది.

అయినా నేను మార్చాను. 'చికెన్ పులావ్' అని రాసి ఊరుకున్నాను. ఎందుకు మార్చానో చెప్పడానికే ఈ వ్యాసం. కానీ ముందు ఆ కూర సంగతి చెప్పాలి. అది తినకుండా వాదన పెట్టుకుంటే ప్రయోజనం లేదు.

నేను మాస్టర్స్ చేయడానికి 2006లో ఇక్కడ దిగాను. అప్పటికి డబ్లిన్ నిండా పోలండ్ వాళ్లే. 2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు, మొదటిరోజు నుంచే వాళ్లకి ఉద్యోగాల తలుపు తెరిచిన పాత సభ్య దేశాలు మూడే: ఐర్లాండ్, బ్రిటన్, స్వీడన్. ఇప్పటికీ ఇక్కడి విదేశీ పౌరుల్లో వాళ్లదే పెద్ద సంఖ్య. 2022 జనాభా లెక్కల ప్రకారం 93,680 మంది. భారతీయులం 45,449 మందిమి, మూడో స్థానం. నేను అద్దెకున్న ఇంట్లో కింది గది ఇద్దరు పోలండ్ కుర్రాళ్లది. బిల్డింగ్ పనికి వెళ్లేవాళ్లు. నవంబరులో ఒక శనివారం వాళ్లు పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టారు. మూడు రోజులు దించలేదు. ఇల్లంతా పులిసిన వాసన. నా రూమ్మేట్, నెల్లూరు కుర్రాడు, కోటు తీసుకుపోయి కిటికీ బయట ఆరేశాడు. మన కూరల వాసన కోట్లకి పడుతుందని ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ముఖం చిట్లిస్తే బాధపడే మేము, క్యాబేజీ వాసనకి అదే ముఖం పెట్టాం.

సోమవారం రాత్రి వాళ్లు రెండు గిన్నెల్లో పోసి ఇచ్చారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఆ వంటకం పేరు బిగోస్. పోలిష్ వాళ్లకి అది మనకి గోంగూర మాంసంలాంటిది. వాళ్ల మహాకవి ఆడమ్ మిత్స్‌కియెవిచ్ 1834లో అచ్చయిన 'పాన్ తదేఉష్' కావ్యంలో దాన్ని పనిగట్టుకుని వర్ణించాడు. పోలికకి గోంగూరని ఊరికే తేలేదు. కొవ్వున్న మాంసానికి పులుపు జత కలపాలన్నది మనకి తెలియని సూత్రం కాదు. గోంగూర, చింతచిగురు, మామిడికాయ, చుక్కకూర, ఏది పడితే అది మాంసంలో వేసి వండిన జాతి మనది. కొడగు వాళ్లు కాచంపులి అనే నల్లటి పుల్లరసం వేస్తారు. చలిదేశం వాళ్లకి చింతచెట్టు లేదు కాబట్టి క్యాబేజీని పులియబెట్టుకున్నారు.

ఆ పులియబెట్టడం కూడా మన ఇడ్లీపిండికి దగ్గరి చుట్టమే. సన్నగా తరిగిన క్యాబేజీ కిలోకి 20 నుంచి 25 గ్రాముల ఉప్పు వేసి, చేత్తో బాగా పిసికితే నీరు ఊరుతుంది. దాన్ని జాడీలో అదిమి, ముక్క నీటిపైకి తేలకుండా బరువు పెడితే చాలు. మొదట పని మొదలుపెట్టేది ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. మన ఇడ్లీపిండిని పొంగించే వాటిలో అదీ ఒకటి. పులుపు పెరిగాక లాక్టోబాసిలస్ జాతి అందుకుంటుంది. 18 నుంచి 20 డిగ్రీల దగ్గర మూడు నాలుగు వారాలు పడుతుంది. డబ్లిన్ వంటగది దానికి సరిగ్గా సరిపోతుంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ జాడీ మూత తీసి వాసన చూసి "తరవాణి కుండలా ఉందిరా" అంది. ఆవిడ తీర్పు అంతవరకే. తర్వాత రెండు వాయిలు వడ్డించుకుంది.

ఓపిక లేనివాళ్లకి పోలిష్ షాపులో సీసాలు దొరుకుతాయి. సీసా వెనక చూడండి. క్యాబేజీ, ఉప్పు, మహా అయితే క్యారెట్ ఉండాలి. వెనిగర్ రాసి ఉంటే అక్కడే పెట్టేసి రండి. అది పులిసింది కాదు, పులుపు పోసింది.

ఇక వంట. కిలో పంది భుజం మాంసం పెద్ద ముక్కలు చేయించండి. మరీ కొవ్వు లేని ముక్క తీసుకుంటే పీచులా అవుతుంది. గిన్నె అల్యూమినియంది వద్దు, చింతపండు పులుసు దాన్లో ఎందుకు కాచమో అందుకే. ముక్కల్ని దాని కొవ్వులోనే ఎర్రగా వేయించి తీసేయాలి. అదే గిన్నెలో రెండు ఉల్లిపాయలు, పొగబెట్టిన సాసేజ్ చక్రాలు వేయించాలి. సీసాలోని పుల్ల క్యాబేజీని పిండి, ఆ రసం పారబోయకుండా పక్కన పెట్టుకోండి. పిండిన క్యాబేజీతోపాటు అరముక్క పచ్చి క్యాబేజీ తరిగి కలిపితే పులుపు తగ్గి కమ్మదనం వస్తుంది. గుప్పెడు ఎండు పుట్టగొడుగులు నానబెట్టి ఆ నీళ్లతో సహా పోయాలి. మూడు బే ఆకులు, పది మిరియాలు, ఐదారు ఆల్‌స్పైస్ గింజలు, ఆరు ఎండు ప్లమ్ పండ్లు. సన్నసెగ మీద రెండున్నర గంటలు. ఉప్పు చివరిదాకా వేయొద్దు. క్యాబేజీలో ఉంది, సాసేజ్‌లో ఉంది, మీరు ఐరిష్ బేకన్ ముక్క వేసి ఉంటే దాన్లో మరీ ఉంది. ఆలుగడ్డలు అందులో పడేస్తే పులుపుకి గంటైనా ఉడకవు, విడిగా ఉడికించుకోండి.

మొదటిసారి నేను అలవాటుకొద్దీ గరం మసాలా వేశాను. పుట్టగొడుగు రుచి, పొగ రుచి రెండూ పోయాయి. ఇప్పుడు వెల్లుల్లి, ఒక చెంచా గుంటూరు కారంతో ఆపుతాను. దానికి మా పోలిష్ స్నేహితుల అభ్యంతరం ఇంకా కొనసాగుతోంది. వండిన రోజు తినకండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా కాగేలా వేడిచేసి తినండి. చేపల పులుసు సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బ్రెడ్డుతో తింటారు వాళ్లు. నాకు వేడన్నంలోనే నచ్చింది.

ఇప్పుడు మా ఊరు. ఒంగోలు దగ్గర పల్లె. కొన్ని ఆదివారాలు ఊరి చివర ఎరుకల వాళ్లు పంది కోసేవారు. వరిగడ్డితో వెంట్రుకలు కాల్చిన వాసన మా వీధిదాకా వచ్చేది. తాటాకుల మీద పోగులు పెట్టి అమ్మేవాళ్లు. నాన్న పొద్దున్నే వెళ్లి చేతిసంచీలో అడుగున పెట్టి, పైన తోటకూర కట్ట వేసి తెచ్చేవాడు. ఇంట్లో పొయ్యి మీద కాదు, పెరట్లో వేపచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి, దానికోసమే ఉంచిన దాకలో వండేది అమ్మ. గోంగూర వేసి. తిన్నాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించేది. సోమవారం బడికి పంపేటప్పుడు ఒకటే మాట: "ఎవరన్నా అడిగితే కోడికూర అని చెప్పు."

నా కులం పేరు ఇక్కడ రాయడం లేదు. రాయక్కర్లేదు కూడా. అమ్మ భయం అదే కదా, కూర పేరు చెబితే కులం పేరు చెప్పక్కర్లేదని. విదేశాలకి వచ్చినా ఆ పరీక్ష మారలేదు, ప్రశ్నలు మాత్రం మెత్తబడ్డాయి. కొత్తగా పరిచయమైన కుటుంబం ముందు "మీరు నాన్‌వెజ్ తింటారా?" అంటారు. తింటామంటే "అన్నీనా?" అంటారు. ఆ 'అన్నీనా' దగ్గర నాలుగు సెకన్లు ఆగుతారే, ఆ నాలుగు సెకన్లలో ఏం కొలుస్తారో అడిగేవాళ్లకీ తెలుసు, జవాబు చెప్పేవాళ్లకీ తెలుసు.

జంతువు ఒకటే, మర్యాద మాత్రం తినేవాణ్ని బట్టి. కొడగు వాళ్లకి సొంత భూములున్నాయి, సైన్యంలో పేరుంది. వాళ్ల పండగ వంట 'పంది కర్రీ'. వాళ్ల భాషలోనూ అది పందే. మడికేరి వెళ్లిన మనవాళ్లు హోటల్ బోర్డు మీద ఆ మాట చూసి ఫోటో తీసుకుని, తిని వచ్చి పొగుడుతారు. అదే మాట ఎరుకల వాడకట్టులో వినబడితే ముక్కు మూసుకుంటారు. బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతి అని ముద్రవేస్తే 1952లో ఆ చట్టం రద్దయ్యేదాకా మోసిన జనం వాళ్లు. నాగరాజ్ మంజుళె తీసిన 'ఫండ్రీ' అనే మరాఠీ సినిమా, 2013లోది, చూడనివాళ్లు చూడండి. ఆ మాటకి కైకాడి వాళ్ల భాషలో అర్థం పంది. తోటి విద్యార్థులు చూస్తుండగా పందిని తరమాల్సి వచ్చిన కుర్రాడి కథ. నేను సగంలో లేచి వంటగదిలోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. అన్నట్టు, సంస్కృతంలో పిలిస్తే దీనికీ గౌరవమే. వరాహం ముద్ర ఉన్నందుకు బంగారు నాణేనికి వరహా అని పేరొచ్చింది. తెలుగులోకి వచ్చేసరికి తిట్టయింది. ఇప్పుడు ఇంగ్లీషులోకి వెళ్లి 'పోర్క్' అయ్యి మళ్లీ మర్యాద సంపాదించుకుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. మనం ఉంటున్న దేశం సంగతే చూడండి. 19వ శతాబ్దంలో ఐరిష్ కౌలురైతు గుడిసె పక్కన ఒక పంది ఉండేది. ఆలుగడ్డ తొక్కలు మేపి పెంచి, అమ్మి, ఆ డబ్బుతో భూస్వామికి కౌలు చెల్లించేవాడు. అందుకే దానికి 'అద్దె కట్టే పెద్దమనిషి' అని పేరు. తాను పెంచినదాని మాంసం తనకి దక్కేది అరుదు. లండన్ పత్రికల కార్టూన్లలో మాత్రం ఐరిష్‌వాణ్నీ పందినీ జంటగా గీసి ఎగతాళి చేసేవాళ్లు. ఇవాళ అదే దేశంలో ఏ పబ్బుకెళ్లినా బేకన్, క్యాబేజీ 'సంప్రదాయ వంట' అని మెనూలో మొదటి పేజీలో ఉంటుంది. టూరిస్టులు వరసకట్టి తింటారు.

పుల్ల క్యాబేజీకీ ఇలాంటి కథే ఉంది. కెప్టెన్ జేమ్స్ కుక్ 1768లో ఎండెవర్ ఓడలో బయల్దేరినప్పుడు, నావికులకి స్కర్వీ జబ్బు రాకుండా పీపాలకొద్దీ ఇది ఎక్కించాడు. నావికులు ముట్టుకోలేదు. ఆయన బలవంతం చేయలేదు, శిక్షించలేదు. తన బల్ల మీద, అధికారుల బల్ల మీద రోజూ వడ్డించమన్నాడు, మిగతావాళ్లు తింటే తినండి లేకపోతే మానేయండి అన్నాడు. వారం తిరగకుండా అందరూ ఎగబడితే రేషన్ పెట్టాల్సి వచ్చిందని ఆయన డైరీలోనే రాసుకున్నాడు. పైవాళ్లు తింటే అది మంచి తిండి. అంతే లెక్క. క్యాబేజీ మారలేదు.

ఈ మాటలు మా స్నేహితుల మధ్య అన్నప్పుడు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, మన కూటములకి ముస్లిం కుటుంబాలు వస్తాయి, శాకాహారులు వస్తారు కదా అని. వస్తారు, రావాలి. వాళ్ల నియమం వాళ్లది. దాన్ని గౌరవించడానికి వేరే బల్ల, వేరే గరిటె, పెద్ద అక్షరాలతో లేబుల్ చాలు. నిజానికి లేబుల్ మీద 'పంది' అని స్పష్టంగా రాయడమే వాళ్లకి చేసే మర్యాద. నాకు ఫోన్ వచ్చింది మాత్రం ఆ కుటుంబాల తరఫున కాదు. వాళ్లెవరూ నన్ను ఏమీ అడగలేదు.

రెండోది శుభ్రత. మన ఊళ్లలో పందులు మురుగులో తిరగడం నిజం. బద్దెపురుగు భయమూ నిజమే, సరిగా ఉడకని మాంసంతో అది వస్తుంది. కానీ మెదడుకి చేరి మూర్ఛ తెప్పించేది ఆ పురుగు గుడ్లు. అవి మనిషి మలం తగిలిన నీళ్లు, కూరగాయల ద్వారా వస్తాయి. అందుకే పంది మాంసం ఎన్నడూ ముట్టనివాళ్లకీ ఆ జబ్బు వస్తుంది. తప్పు మరుగుదొడ్డి లేని ఊరిది, పంది మీదికి నెట్టాం. ఇక్కడి ఫారాల్లో లెక్క వేరు. అలాగని ఇక్కడ అంతా పవిత్రం అనను. 2008 డిసెంబరులో దాణాలో డయాక్సిన్లు కలిశాయని సెప్టెంబరు నుంచి తయారైన ఐరిష్ పంది ఉత్పత్తులన్నీ వెనక్కి రప్పించారు. షాపుల్లో ఆ అలమర్లు ఖాళీ. అప్పుడు ఐరిష్ వాళ్లు తనిఖీ సరిగా లేదని ప్రభుత్వాన్ని తిట్టారు గానీ, తినేవాళ్లని ఎవరూ ఏమీ అనలేదు.

ఆరోగ్యం మాట ఎత్తేవాళ్లతో నాకు పేచీ లేదు. సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే తేల్చింది. బీపీ ఉన్నవాళ్లకి పుల్ల క్యాబేజీలో ఉప్పు కూడా ఎక్కువే. నేనూ ఈ కూర చలికాలంలో రెండు మూడుసార్లకి మించి వండను. అయితే ఇదే జాగ్రత్త బ్రేక్‌ఫాస్ట్ రోల్ దగ్గరా గుర్తుండాలి.

అసలు నన్ను కుదిపింది ఇవేవీ కాదు. ఆరోజు చికెన్ పులావ్ గిన్నె ఒళ్లో పెట్టుకుని కారులో వెళ్తున్నాం. వెనక సీట్లోంచి మా పన్నెండేళ్లవాడు అడిగాడు: "నాన్నా, బిగోస్ తెస్తామన్నావుగా? మన ఫ్రిజ్‌లో ఉంది కదా?" ఉంది. షీట్‌లో పేరు మార్చినా వండటం మానలేదు, ఇంటికోసం వండాను. "అక్కడ ఎవరన్నా అడిగితే దాని సంగతి చెప్పకు" అన్నాను. అనేశాక గానీ వినపడలేదు నాకు ఆ మాట. పక్క సీట్లో మా ఆవిడ నా వైపు చూసి, ఏమీ అనకుండా మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. వాడు మాత్రం వదల్లేదు. "వై? ఇట్స్ జస్ట్ పోర్క్." వాడి క్లాసులో సగం మంది లంచ్ బాక్సుల్లో హామ్ శాండ్‌విచ్‌లే. వాడికి దాచాల్సిందేమీ తెలియదు. దాచడం ఎలాగో ఆ నిమిషంలో నేను నేర్పుతున్నాను. మా అమ్మకి ఊళ్లో బతకాల్సిన అవసరం ఉండేది, బావి దగ్గర నీళ్లు తెచ్చుకోవాల్సి ఉండేది. నాకేం ఉంది? ఇల్లు నాది, ఉద్యోగం నాది. ఒక వాట్సాప్ గ్రూపు పోతుందని భయపడ్డాను.

అందరూ పంది మాంసం తినాలని నేను అడగడం లేదు. ఎవరి నోరు వాళ్లిష్టం. మన సంఘాల్లో, పిక్నిక్కుల్లో వంటల జాబితా రాసేవాళ్లని ఒకటే అడుగుతున్నాను. ఏ వంటకమైనా అసలు పేరుతో రాయనివ్వండి. వద్దనాలనుకుంటే 'కొంతమంది' పేరు చెప్పకుండా మీ పేరుతో వద్దనండి. మన పిల్లలకి తెలుగు నేర్పుతున్నామని ఆదివారం క్లాసులు నడుపుతున్నాం. జంతువుల పాఠంలో ఆ మాట ఎలాగూ వస్తుంది.

ఈ డిసెంబరు షీట్ మొన్నే తిరగడం మొదలైంది. గులాబ్ జామూన్ అప్పుడే ఇద్దరు రాసేశారు. నేను నా వరసలో తెలుగులోనే రాశాను, లేబుల్ మా వాడు రాస్తానన్నాడు. 'ం' ఎక్కడ పెట్టాలని వచ్చి అడిగాడు. ఫోన్ ఇంకా రాలేదు. మూడు కిలోల క్యాబేజీ తరిగి జాడీలో పెట్టి తొమ్మిది రోజులైంది, బుడగలు వస్తున్నాయి.